బయటి దీవికి ఇంటర్నెట్ చేర్చి నిలబెట్టడం ఎలా: టోంగా అనుభవం

2022 జనవరి 15న టోంగా సమీపంలో హుంగా టోంగా - హుంగా హాపై అగ్నిపర్వతం బద్దలైనప్పుడు, ఫిజీ నుంచి 827 కిలోమీటర్ల పొడవున సముద్రం అడుగున వేసిన ఏకైక అంతర్జాతీయ కేబుల్ తెగిపోయి, లక్ష జనాభా ఉన్న ఆ దేశానికి బయటి ప్రపంచంతో సంబంధం తెగిపోయింది. మరమ్మతు నౌక పాపువా న్యూగినీ నుంచి రావలసి వచ్చింది. రాజధాని నుకుఅలోఫా ఉన్న టోంగాటాపు దీవికి కేబుల్ సేవ తిరిగి అందడానికి ఐదు వారాలు పడితే, ఉత్తరాన ఉన్న హాపై, వవావు దీవులవారు తమను రాజధాని దీవితో కలిపే, అప్పుడే తెగిపోయిన దేశీయ కేబుల్ బాగుపడటం కోసం ఏడాదికి పైగా ఎదురుచూశారు. రాజధాని దీవికీ బయటి దీవులకూ మధ్య ఉన్న ఈ వ్యత్యాసమే ఎక్కువ బాధపెట్టేదని నేను భావిస్తాను. అందుకే పసిఫిక్ ప్రాంతంలో టెలికాం, విద్య, ఆరోగ్య రంగాల్లో పనిచేయడానికి వెళ్లేవారి కోసం, బయటి దీవిలోని ఒక గ్రామానికి ఇంటర్నెట్ ఎలా చేర్చాలో ఇక్కడ వివరిస్తున్నాను.

పరికరాలు కొనడానికి ముందే గ్రామస్థుల అవసరాలు తెలుసుకోవాలి. టోంగాలో గ్రామ అధికారిని కలిసి, ఫోనో అని పిలిచే గ్రామసభలో విషయం చర్చకు పెట్టించడం మర్యాద, అవసరం కూడా. అక్కడ ముందుగా వినిపించేది చాలావరకు డబ్బు సంగతే, ఎందుకంటే విదేశాల్లో ఉన్న బంధువులు పంపే సొమ్ము ఆ దేశ స్థూల దేశీయోత్పత్తిలో మూడో వంతును మించి ఉంటుంది. ఇంటర్నెట్ లైను లేని రోజున ఆ సొమ్ము చేతికందడం కష్టమవుతుంది. ఆదివారం పని చేయడాన్ని రాజ్యాంగమే నిషేధించింది కాబట్టి సమావేశాలు, శిక్షణ, మరమ్మతులు మిగతా ఆరు రోజుల్లోనే పెట్టుకోవాలి. అందరూ వచ్చి ఇంటర్నెట్ వాడుకునే కేంద్రం ఎక్కడ ఉండాలో గ్రామమే నిర్ణయించాలి. బడి గాని చర్చి హాలు గాని అయితే ఆడవారు, వృద్ధులు కూడా సంకోచం లేకుండా వస్తారు.

తర్వాత లైను ఎంపిక. కేబుల్ ఒడ్డుకు చేరే స్టేషన్‌కో టవర్‌కో నేరుగా కనిపించే చోట గ్రామం ఉంటే మైక్రోవేవ్ లింకు (రెండు యాంటెన్నాల మధ్య నేరుగా సాగే రేడియో లైను) చౌకగా పడుతుంది. లేకపోతే ఉపగ్రహమే దిక్కు. 36,000 కిలోమీటర్ల ఎత్తులో, భూమి మీద నుంచి చూస్తే ఒకేచోట నిలిచినట్టు కనిపించే భూస్థిర ఉపగ్రహం ద్వారా మాట వెళ్లి జవాబు రావడానికి అర సెకను దాటుతుంది కనుక వీడియోలో వైద్యుడితో మాట్లాడటం ఇబ్బందిగా ఉంటుంది. దాదాపు 550 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే ఉపగ్రహాలతో ఆ ఆలస్యం బాగా తగ్గుతుంది. ఏది ఎంచుకున్నా, దానితో సంబంధం లేని రెండో దారి తప్పక ఉండాలి. అది ఎంత నెమ్మదిదైనా, ఒక హెచ్‌ఎఫ్ రేడియో (కేబుల్, ఉపగ్రహం లేకుండా దూరాలకు మాట పంపే రేడియో) అయినా సరే. ఒకే దారిని నమ్ముకోవడం వల్లనే 2022లో అంత నష్టం జరిగింది.

విద్యుత్తు దగ్గర లెక్క తప్పితే మిగతా శ్రమ అంతా వృథా. ఉపగ్రహ డిష్, రౌటర్ కలిసి 90 వాట్లు వాడుకుంటాయనీ, కేంద్రం రోజుకు 10 గంటలు తెరిచి ఉంటుందనీ అనుకుంటే, రోజుకు 900 వాట్ అవర్లు కావాలి. రెండు రోజులు ఎండ లేకపోయినా నడవాలంటే 1,800 కావాలి. బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేయకూడదు కనుక 24 వోల్టుల, 100 ఆంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ (24 × 100 = 2,400 వాట్ అవర్లు) సరిపోతుంది. వాడకానికి 300 వాట్ల సౌర పలకలు చాలినా, ఖాళీ అయిన బ్యాటరీ త్వరగా నిండాలంటే 600 వాట్లు పెట్టడం మేలు. ఉప్పుగాలికి మామూలు ఇనుప బోల్టులు త్వరగా తుప్పు పడతాయి. 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలువే వాడి, తీగల అతుకులను గ్రీజుతో మూసి, పలకలను నెలకోసారి మంచినీటితో కడగాలి.

లైను తెగినప్పుడు కూడా బడి ఆగకూడదు. ఒక చిన్న కంప్యూటర్‌లో కొలిబ్రి, కివిక్స్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టి పాఠాలు, వికీపీడియా నింపితే, పిల్లలు స్థానిక వైఫై ద్వారా ఇంటర్నెట్ లేకుండానే చదువుకోగలరు. పాఠాలు ఇంగ్లిషులో ఉన్నా, వాటిని వాడే తీరు నేర్పడం మాత్రం టోంగా భాషలోనే జరగాలి. బయటినుంచి వచ్చిన నిపుణుడి కంటే ఆ ఊరి ఉపాధ్యాయురాలు చెబితేనే అది నిలుస్తుంది.

ఖర్చు విషయంలో ఐక్యరాజ్యసమితి బ్రాడ్‌బ్యాండ్ కమిషన్ పెట్టిన కొలమానం ఉపయోగపడుతుంది: కనీస ప్యాకేజీ ధర తలసరి నెలసరి ఆదాయంలో 2 శాతం లోపు ఉండాలి. గ్రామ కమిటీ వసూలు చేసే రుసుములో కొంత భాగాన్ని, కొన్నేళ్లకు తప్పక మార్చవలసి వచ్చే బ్యాటరీ కోసం మొదటి నెల నుంచే విడిగా దాచాలి. దాత ఇచ్చిన పరికరాలు మూలపడటానికి తరచుగా ఈ నిధి లేకపోవడమే కారణమవుతుంది.

తుపానుల కాలం నవంబరులో మొదలై ఏప్రిల్ వరకు ఉంటుంది. కనుక ఏటా అక్టోబరులో ఒక రోజు ప్రధాన లైనును కావాలనే ఆపివేసి, రెండో దారి మీద ఊరి నర్సు ఆసుపత్రితో మాట్లాడగలుగుతుందో లేదో చూడాలి. డిష్‌ను, పలకలను దించి లోపల భద్రపరచి తిరిగి బిగించే పనిని, మీ సహాయం లేకుండా, ఊరివారిలో కనీసం ఇద్దరి చేత చేయించాలి.