ఇంటిల్లిపాదీ తిప్పే మామిడి ఐస్‌క్రీమ్

ఫ్రీజర్ లేకుండా ఐస్‌క్రీమ్ చేయదలచినవారు పాలకన్నా ముందు ఉప్పు సంగతి చూసుకోవాలి. ఉత్త ఐసు 0 డిగ్రీల వద్దే కరుగుతుంది, తీపి కలిసిన పాలు గడ్డకట్టడానికి ఆ చల్లదనం చాలదు. బకెట్‌లో 3 కిలోల ఐసు ముక్కలకు కిలో రాళ్ల ఉప్పు చొప్పున పొరలుగా వేస్తే, ఐసు కరుగుతూ చుట్టూ ఉన్న వేడిని లాగేసుకొని సున్నాకు 10 డిగ్రీలకు పైగా దిగువకు చల్లబడుతుంది. ఇస్కపల్లి వంటి ఉప్పు మడులున్న నెల్లూరు తీరంలో రాళ్ల ఉప్పుకు కొదవ లేదు.

లీటరు చిక్కటి పాలను సగానికి మరిగించి, పూర్తిగా చల్లారాక చక్కెర, ఉలవపాడు మామిడి గుజ్జు కలిపి, మూత బిగుతుగా పట్టే స్టీలు డబ్బాలో ముప్పాతికకు మించకుండా పోయాలి, ఎందుకంటే గడ్డకట్టేటప్పుడు అది పొంగుతుంది. బకెట్‌పై గోనెసంచి కప్పి, ఒకరి తరువాత ఒకరు డబ్బాను ఆపకుండా తిప్పాలి. అయిదారు నిమిషాలకొకసారి మూతను శుభ్రంగా తుడిచి (ఒక్క చుక్క ఉప్పునీరు పడినా రుచి చెడిపోతుంది) తెరిచి, అంచులకు పట్టినదాన్ని చెక్క గరిటెతో గీకి కలిపితేనే పలుకులు లేకుండా వెన్నలా వస్తుంది. ఉప్పు కలిసిన ఐసు చర్మాన్ని గాయపరచగలదు కనుక పిల్లల చేతికి తప్పనిసరిగా మందపాటి గుడ్డ ఇవ్వండి.