మంచుకొండకు వెళ్లే ముందు లోపలి పొర సంగతి చూసుకోండి

డిసెంబరు వస్తే నెల్లూరు, ఒంగోలు నుంచి ఉత్తరాఖండ్ కొండలకు బయలుదేరేవాళ్లు చాలామందే. కేదార్‌కంఠ శిఖరం ఎత్తు సుమారు 12,500 అడుగులు. అక్కడ ఆ కాలంలో రాత్రిపూట నీళ్ల సీసా గడ్డకడుతుంది. మనకు తెల్లవారుజామున ఇరవై డిగ్రీలుంటేనే చలికాలం. అందుకే అందరూ మందపాటి జాకెట్టు కోసం వెతుకుతారు. నేను మాత్రం ముందు ఒంటికి తగిలే పొరను చూసుకోమంటాను. కొండమీద మనల్ని దెబ్బతీసేది మన చెమటే.

ఎంత చలిలోనైనా ఎక్కుతుంటే వీపు తడుస్తుంది. నూలు బట్ట ఆ తడిని పట్టుకుని వదలదు. మీరు ఆగి నిలబడగానే గాలి తగిలి, తడి బట్ట ఒంటి వేడిని లాగేస్తుంది. మెరినో అనే జాతి గొర్రెల సన్నని ఉన్ని పోగు తన బరువులో దాదాపు మూడో వంతు తేమను లోపలికి తీసుకున్నా తడిసినట్టు అనిపించదు. తడిసినా కొంత వెచ్చదనం నిలుపుతుంది. వాసన కూడా త్వరగా పట్టదు.

మనవాళ్లు తరచూ చేసే పని ఒకటుంది. అలవాటు కొద్దీ ముందు నూలు బనియను తొడుక్కుని, దానిమీద ఖరీదైన మెరినో వేసుకుంటారు. దయచేసి అలా చేయకండి, డబ్బు వృథా, ప్రయోజనం సున్నా. మెరినో నేరుగా చర్మానికి తగలాలి. లోదుస్తులు, మేజోళ్లు కూడా నూలువి వద్దు.

ఉన్ని అనగానే కంబళి దురద గుర్తొచ్చి వెనకాడకండి. ముప్పై మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దాటిన లావు పోగుల కొసలు వంగవు, చర్మాన్ని పొడుస్తాయి. లోపలి పొరకు వాడే మెరినో సాధారణంగా పదిహేడు నుంచి పందొమ్మిది మైక్రాన్లే. మన నెల్లూరు గొర్రె ఒంటిమీద పొట్టి వెంట్రుకలే తప్ప ఉన్ని ఉండదు కాబట్టి ఈ తేడా మన ప్రాంతంలో చాలామందికి చేతితో తెలిసినది కాదు. కొనేటప్పుడు లేబుల్ మీద ఉన్ని ఎంత శాతమో చదవండి. అనుమానముంటే ఇంటికి తెచ్చాక లోపలి కుట్టు దగ్గర ఒక్క పోగు లాగి, పళ్లెంలో పెట్టి కాల్చండి. ఉన్ని అయితే జుట్టు కాలిన వాసన వచ్చి, నలిపితే పొడి అయ్యే నల్ల బూడిద మిగులుతుంది. పాలియెస్టర్ కరిగి గట్టి పూస కడుతుంది.

నడకకు చదరపు మీటరుకు 150 నుంచి 200 గ్రాముల బట్ట చాలు. 250 గ్రాములది గుడారంలో పడుకునేటప్పుడు వేసుకోండి. బిగుతుగా కాకుండా ఒంటికి అతుక్కుని ఉండాలి. బయలుదేరే ముందు ఒకసారి అదే తొడుక్కుని, బరువు సంచి భుజాన వేసుకుని ఉదయగిరి దుర్గం ఎక్కి రండి. భుజం దగ్గర, చంకల్లో ఎక్కడ ఒరుసుకుంటుందో అక్కడే బయటపడుతుంది.

కొండమీద నడక మొదలుపెట్టేటప్పుడు కాస్త చలిగా అనిపించాలి. పది నిమిషాల్లో ఒళ్లు వేడెక్కుతుంది. చెమట పట్టక ముందే పై పొర విప్పండి, ఆగగానే వేసుకోండి. రాత్రికి పొడి జత ఒకటి ప్లాస్టిక్ కవరులో విడిగా ఉంచండి, నడకలో దాన్ని ముట్టవద్దు. తడిసినదాన్ని మంట దగ్గర ఆరబెట్టవద్దు, పాడైపోతుంది.

తోటివాళ్లను గమనిస్తూ ఉండండి. ఆగకుండా వణకడం, మాట తడబడటం, బొత్తాం పెట్టుకోలేకపోవడం, ఏదీ పట్టనట్టు కూర్చుండిపోవడం ఒళ్లు చల్లబడుతోందనడానికి గుర్తులు. గాలి తగలని చోటికి చేర్చి, తడి బట్టలు తీసి, పొడివి తొడిగి, స్లీపింగ్ బ్యాగులో పడుకోబెట్టండి. స్పృహ బాగుంటే వెచ్చని తీపి పానీయం ఇవ్వండి. మద్యం మాత్రం వద్దు. వణుకు ఆగిపోయి మత్తుగా ఉంటే ఇంకా ప్రమాదం, వెంటనే గైడుకు చెప్పి కిందికి దించే ఏర్పాటు చేయాలి.

ఇంటికొచ్చాక చన్నీళ్లలో, ఉన్ని బట్టల ద్రవంతో చేత్తో ఉతకండి. మామూలు పొడుల్లోని ఎంజైములు ఉన్నిని తినేస్తాయి. పిండకుండా తువ్వాలులో చుట్టి ఒత్తి, నీడలో పరిచి ఆరబెట్టండి. చెమట మరక మిగిలితే పురుగు పడుతుంది. పూర్తిగా ఆరాకే మూత గట్టిగా పడే డబ్బాలో పెట్టండి.