మోడం పట్టిన రోజు, మంచు కూడా అంతంత మాత్రమే: గుల్మార్గ్‌లో స్కీయింగ్ ఎలా చేయాలి?

మాది అనంతపురం. ఏప్రిల్ వస్తే 42 డిగ్రీల ఎండలో బండి సీటు మీద నీళ్లు చల్లుకుని కూర్చునేవాళ్లం, మనకు స్కీయింగ్ అంటే వీడియోల్లో చూసిన నీలం ఆకాశం, పిండి లాంటి మంచు అంతే కదా. తీరా కశ్మీర్‌లోని గుల్మార్గ్ పోయి చూస్తే మోడం, గాలి, గట్టిపడిన మంచు. మనం జూన్‌లో వాన కోసం పైకి చూసినట్టు గుల్మార్గ్ వాళ్లు జనవరిలో మంచు కోసం చూస్తాంటారు. 2024 జనవరిలో అక్కడ గడ్డి నేల కనిపించింది, 2025 ఫిబ్రవరిలో మంచు చాలక ఖేలో ఇండియా వింటర్ గేమ్స్ పోటీలే వాయిదా వేసినారు. కాబట్టి బాగలేని రోజు తగుల్తుందనే లెక్కలోనే బయల్దేరండి, అట్లాంటి రోజు ఎట్ల నెట్టుకురావాలో నాకు తెలిసింది చెప్తా.

పోకముందు

జనవరి ఆఖరు, ఫిబ్రవరి మొదట్లో పెట్టుకోండి, ఒక రోజు ఎక్స్‌ట్రా ఉంచుకోండి. మన ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పని చేయదు, పోస్ట్‌పెయిడ్ ఒకటన్నా ఉండాల. కొండ కింద ఉండే టంగ్‌మార్గ్ ఊరి నుంచి పైకి రోడ్డు మీద మంచుంటే టైర్లకు చైన్లు కట్టిన బండే పోతుంది. ఇంక తొడలు. నెల ముందు నుంచి గోడకు వీపు ఆనించి, కుర్చీ లేకుండా కూర్చున్నట్టు నిమిషం నిమిషం కూర్చోండి, వీలైతే గుత్తి కోట ఎక్కి నిదానంగా దిగండి. ఎక్కడం కాదు, దిగడమే ముఖ్యం, స్కీయింగ్‌లో నొప్పి పుట్టేది ఆ కండరాలకే.

పొద్దున్నే

గొండోలా, అంటే తీగల మీద పోయే కేబుల్ కారు, అడుగుతారు అందరూ. మొదటి ఫేజ్ కొంగ్‌డూరి వరకు, రెండోది అఫర్వత్ మీదికి, దాదాపు 3,980 మీటర్ల ఎత్తు. గాలి లేస్తే రెండోది ఆపేస్తారు, దానికి బాధపడాల్సిన పనేం లేదు, కొత్తవాళ్లకు అక్కడ స్కీలతో పనే లేదు. కింద కొత్తవాళ్ల కోసం ఉండే తక్కువ వాలు, బేబీ స్లోప్ అంటారు, దాని మీదే ఉండండి, అదీ చెట్లు కనపడే వైపు.

జీన్స్ వద్దు. తడిస్తే ఆరదు, ఆరకపోతే వణుకు. లోపల థర్మల్, మధ్యలో ఫ్లీస్ (మెత్తటి వెచ్చని స్వెట్టర్ లాంటిది), పైన నీళ్లు దిగని జాకెట్, ప్యాంటు. జేబులో బెల్లం పాకంతో చేసిన చెనిక్కాయ ఉండలు పెట్టుకోండి, చలిలో చాక్లెట్ రాయి అవుతుంది, మనవి మాత్రం కొరకొచ్చు.

బూట్లు (ఇక్కడ తొందర పడొద్దు)

నేను చలికి భయపడి రెండు జతల సాక్సులేసి, థర్మల్ ప్యాంటు కూడా బూట్లోకి దోపినా. అద్దె షాపాయన చూసి కూడా గమ్మున ఉన్నాడు. గంటకే కాళ్లు మొద్దుబారినాయి, రాత్రి చూస్తే ముడత పడినచోట ఎర్రగా కమిలి ఉంది. ఒకే జత సాక్స్, పొడుగుది. థర్మల్‌ను బూటు పైకి లాక్కోండి. నిటారుగా నిలబడితే వేళ్లు ముందు గోడకు ఆనీఆననట్టు తగలాల, మోకాళ్లు వంచితే వెనక్కి జరగాల, మడమ మాత్రం లేవకూడదు. మీ బరువు, మీరు కొత్తని షాపులో చెప్పండి, పడినప్పుడు స్కీ ఊడిపోయేలా బైండింగ్ (బూటును స్కీకి పట్టి ఉంచే బిగింపు) సెట్ చేసేది దాన్ని బట్టే.

మంచును చూసి నడక మార్చుకోవాల

పొద్దున గట్టి మంచు ఉంటే అది సబ్బునీళ్లు పోసిన కడప బండ అనుకోండి. మధ్యలో అందరూ తిరిగి తిరిగి గీకేసి ఉంటారు, ఆ పొడి మంచు పక్కలకు చేరి ఉంటుంది, మలుపులు అక్కడ తిప్పండి. మెరిసే ముక్క మీదికి వచ్చేస్తే గాబరాగా బ్రేక్ వేయొద్దు, స్కీలు సమంగా పెట్టి దాటేసి, మంచు పట్టు దొరికినాక ఆపండి. ఆపడమంటే మొనలు దగ్గర, మడమలు దూరం, అక్కడి గైడ్లు పిజ్జా అంటారు దాన్ని.

మధ్యాహ్నానికి తడి మంచు అయితే కథ వేరే. వానకు తడిసిన కర్నూలు నల్లరేగడి చెప్పులకు పట్టినట్టు స్కీలకు పట్టుకుని, పోతా పోతా టక్కున ఆగుతుంది, మనిషి మాత్రం ముందుకు పోతాడు. వెనక్కి వాలితే ఇంకా కష్టం, మోకాళ్లు వదులుగా పెట్టి రెండు కాళ్ల మీదా బరువు సమంగా ఉంచండి. గడ్డో మట్టో తేలినచోటికి పోనే వద్దు, స్కీ అడుగున గీత పడితే డిపాజిట్ మర్చిపోవచ్చు.

ఏమీ కనపడనప్పుడు

ఇది అన్నిటికన్నా విచిత్రం. మోడంలో నీడలు పడవు, ఆకాశం తెలుపు, నేల తెలుపు, మొహం మీద తెల్ల పంచె కప్పినట్టు ఉంటుంది. మా బామ్మర్ది అరుస్తా ఉన్నాడు, "బావా, యాడికి పోతాండామో తెలీడంల్యా!" నేను ఆగినా అనుకుని నిలబడి వానికి చెయ్యి ఊపినా, చూస్తే ఇంకా నెమ్మదిగా జారుతానే ఉన్నా, అట్లే పక్కకు కూలబడినా.

దీనికి నల్ల గాగుల్స్ పనికిరావు, పసుపు రంగో గులాబీ రంగో అద్దం ఉన్నది అడగండి, గుంతలు కాస్త తెలుస్తాయి. ఆవిరి పడితే లోపల వేలితో తుడవొద్దు, నుదుటి మీదికి ఎత్తొద్దు, చెమటకు ఇంకా పడుతుంది. గైడ్‌ను ముందు పోనిచ్చి ఆయన గీత మీదే పోండి, కొంచెం కొంచెం దూరం పోయి ఆగండి. చూపు కాళ్ల దగ్గర కాదు, చెట్టు మానో జెండా కర్రో నల్లగా కనపడేదాని మీద. పడబోతే పక్కకు కూర్చోండి, లేచేటప్పుడు స్కీలు వాలుకు అడ్డంగా పెట్టుకుంటే జారవు.

తాళ్లు కట్టిన హద్దు దాటొద్దు, ఎవడు "కొత్త మంచు అదిరిపోతుంది రా" అన్నా సరే. బాగా మంచు పడినాక ఒకటి రెండు రోజులు వాలు మీది పొర జారే ప్రమాదం ఎక్కువ. 2023 ఫిబ్రవరిలో అఫర్వత్ మీద ఇట్లా చరియ విరిగిపడి ఇద్దరు పోలండ్ స్కీయర్లు చనిపోయినారు, వాళ్లు మనలాగ మొదటిసారి వచ్చిన వాళ్లేం కాదు.

అరగంటకోసారి ఒకరి మొహం ఒకరు చూసుకోండి. ముక్కు, చెంప, చెవి తెల్లబడి స్పర్శ లేకపోతే వెంటనే లోపలికి. రుద్దొద్దు, మంటకు దగ్గర పెట్టొద్దు, కాలినా తెలీదు, చేత్తో మూసి వెచ్చబెట్టాల. తొడలు వణుకుతాంటే కూడా ఆ పూటకు చాలు, "ఇంకొక్కటి" అన్న రౌండులోనే మా బామ్మర్ది మణికట్టు బెణికించుకున్నాడు.

సాయంత్రం రూముకు పోయినాక గ్లౌజులు తిరగేసి, బుఖారీకి (రూము వెచ్చబెట్టే పొయ్యి) కొంచెం దూరంగా వేలాడదీయండి. బూట్లు మీ దగ్గరే ఉంటే లోపలి మెత్త బయటికి లాగి పెట్టండి, తడి బూటు పొద్దున వేసుకోవడమంత నరకం లేదు. మాకు రెండో రోజు ఎండ రాలేదు, బూట్లు మాత్రం ఆరినాయి.