బిడ్డ భుజం పట్టేసే ప్రమాదం ఉందంటే కాన్పు ఎలా? నార్మలా, ఆపరేషనా తేల్చుకునే పద్ధతి

తొమ్మిదో నెల స్కానింగ్ కాగితంలో బిడ్డ బరువు 3.8 కిలోలని వచ్చింది. డాక్టరమ్మ "బిడ్డ కాస్త పెద్దగా ఉంది, భుజాలు పట్టేయొచ్చు, ఇంట్లో మాట్లాడుకుని రండి" అన్నారు. ఇక ఇంట్లో రెండు జట్లు. "నాకు నలుగురు పుట్టారు, ఏటైంది? నొప్పులొస్తే అదే పుడతాది" అని అత్తగారు. "ఎందుకొచ్చిన టెన్షను, ఆపరేషన్ చేయించేద్దాం" అని కన్నతల్లి. కనాల్సిన అమ్మాయి మధ్యలో కూర్చుని ఇద్దరి మొహాలూ చూస్తుంటుంది. శ్రీకాకుళం, విజయనగరం వైపు ఎన్ని ఇళ్లలోనో ఇదే వరస.

స్కాన్‌లో వచ్చిన ఆ ఒక్క అంకెను పట్టుకుని ఈ నిర్ణయం తీసుకోకూడదు. తల్లికి షుగర్ ఉందా, ముందు కాన్పు ఎలా జరిగింది, బిడ్డ బరువు ఎంత ఉండొచ్చు, కనబోయే ఆసుపత్రిలో ఆ వేళకి ఎవరెవరు ఉంటారు అన్న నాలుగూ కలిపి చూడాలి. బరువుకు నేను మూడో స్థానమే ఇస్తాను. ఎందుకో కింద చెబుతాను.

ముందు, అసలు ఏం జరుగుతుందో తెలుసుకోండి

తల బయటికి వస్తుంది. మామూలుగా అయితే తర్వాతి నొప్పికి భుజాలు, ఒళ్లు జారి వచ్చేస్తాయి. కొందరిలో పై భుజం తల్లి పొత్తికడుపు అడుగున చేతికి తగిలే ఎముక వెనక ఆగిపోతుంది. వచ్చిన తల తాబేలు తలలా మళ్లీ వెనక్కి లాక్కున్నట్టు కనిపిస్తుంది. డాక్టర్లు దీన్ని షోల్డర్ డిస్టోషియా అంటారు. బొడ్డుతాడు నలిగిపోయే అవకాశం ఉంటుంది కాబట్టి చేతిలో ఉండేది కొద్ది నిమిషాలే. అయిదు నిమిషాల లోపు బిడ్డ బయటపడితే ఊపిరందక మెదడు దెబ్బతినే ప్రమాదం చాలా తక్కువ.

నార్మల్ కాన్పులు వెయ్యి జరిగితే సుమారు ఆరేడింటిలో ఇలా అవుతుందని అంచనా. అలా పట్టేసిన బిడ్డల్లోనూ ఎక్కువమంది ఏ దెబ్బా లేకుండా బయటపడతారు. మెడ దగ్గర నుంచి చేతికి వెళ్లే నరాలు సాగి చేయి బలహీనపడేది వందలో 2 నుంచి 16 మందికి. వాళ్లలో చెయ్యి శాశ్వతంగా దెబ్బతినేది పదింట ఒకరి కంటే తక్కువ. తల్లికి రక్తస్రావం ఎక్కువ కావడం, లోతుగా చిరగడం కూడా జరగొచ్చు.

ఇంకో సంగతి గుర్తుపెట్టుకోండి. భుజం పట్టేసిన కాన్పుల్లో దాదాపు సగం, 4 కిలోలు లేని బిడ్డలవే. అంటే ముందుగా ఎవరూ ఊహించనివి. అందుకే బరువు ఎంత వచ్చినా ఆసుపత్రి సంగతి తప్పక చూడమంటాను.

పాత కాన్పు కాగితాలు బయటికి తీయండి

ఇది రెండో కాన్పో మూడోదో అయితే పెట్టె అడుగున ఉన్న పాత డిశ్చార్జ్ కాగితం స్కానింగ్ రిపోర్టు కంటే విలువైనది. ముందు కాన్పులో భుజం పట్టేసి ఉంటే ఈసారి మళ్లీ జరిగే అవకాశం మామూలు వాళ్లకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఒక్కో అధ్యయనంలో ఒక్కో లెక్క వచ్చింది: వందలో ఒకరి నుంచి 25 మంది దాకా.

ఆ కాగితంలో వెతకాల్సినవి ఇవి: బిడ్డ బరువు, బిడ్డ తల పట్టి లాగే వ్యాక్యూమ్ గానీ ఫోర్సెప్స్ గానీ వాడారా, తల వచ్చాక ఒళ్లు రావడానికి ఎంతసేపు పట్టింది, బిడ్డ చెయ్యి కదిలిందా, తల్లికి రక్తం ఎక్కించారా. కాగితం లేకపోతే అప్పుడు పక్కనున్న వాళ్లని అడగండి. "తల వచ్చీసింది గానీ బిడ్డ రానేదు, ఇద్దరు కాళ్లు పట్టుకుని పైకి మడిచేరు" అని పెద్దమ్మో వదినో చెబితే అది డాక్టర్‌కు పనికొచ్చే సమాచారం. సిగ్గుపడకుండా ఆ మాటే అక్కడ చెప్పండి.

మన వైపు ఒక ఇబ్బంది ఉంది. అమ్మాయి ఏడు నెలలు అత్తవారింట్లో, అంటే రాజాంలోనో బొబ్బిలిలోనో చూపించుకుంటుంది. పురిటికి కన్నవారింటికి, ఏ పలాసకో టెక్కలికో వెళ్తుంది. డాక్టర్ మారతారు. షుగర్ పరీక్ష చేయించిన కాగితం పాత ఇంట్లో బీరువాలో ఉండిపోతుంది. కొత్త డాక్టర్‌కు చేతిలో ఉండేది కొత్త స్కాన్ ఒక్కటే, దాంట్లో ఉన్న బరువు ఒక్కటే. పుట్టింటికి బయల్దేరేటప్పుడు చీరల కంటే ముందు తల్లీబిడ్డల కార్డు, అన్ని రిపోర్టులు ఒక సంచిలో పెట్టండి. వాటిని ఫోన్‌లో ఫొటోలు తీసి భర్త దగ్గర కూడా ఉంచండి.

షుగర్ సంగతి తేల్చుకోండి

షుగర్ ఉన్న తల్లి కడుపులో బిడ్డకు ఒళ్లంతా ఒకేలా పెరగదు. తల మామూలుగానే ఉండి భుజాలు, ఛాతీ దగ్గర కొవ్వు పడుతుంది. అందుకే ఒకే బరువున్న ఇద్దరు బిడ్డల్లో షుగర్ తల్లి బిడ్డకే భుజం పట్టే ప్రమాదం ఎక్కువ.

కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం మొదటిసారి చూపించుకున్నప్పుడు ఒకసారి, 24 నుంచి 28 వారాల మధ్య మరోసారి పరీక్ష చేయాలి. 75 గ్రాముల గ్లూకోజు నీళ్లలో కలిపి తాగిస్తారు. రెండు గంటల తర్వాత రక్తం తీస్తారు. తిని వెళ్లినా ఫర్వాలేదు. 140 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే గర్భిణీ షుగర్ ఉన్నట్టు. తాగిన అరగంటలోపు వాంతి అయితే మర్నాడు మళ్లీ చేయించుకోవాలి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులను డాక్టర్లు ఉచితంగా చూస్తారు, ఆ రోజు ఇది కూడా అడగండి. మొదటిసారి మామూలుగా వచ్చిందని రెండోది మానేయకండి, ఎక్కువమందికి షుగర్ బయటపడేది అప్పుడే.

షుగర్ వచ్చిందంటే తిన్న రెండు గంటలకు 120 లోపు, పరగడుపున 95 లోపు ఉండేలా చూసుకోవాలి. సూడిదలకు వచ్చిన అరిసెలు, కోవా పక్కింటి పిల్లలకు పంచేయండి. చోడంబలి మంచిదే గానీ గ్లాసుల మీద గ్లాసులు తాగితే దాంతోనూ షుగర్ పెరుగుతుంది. తిండితో తగ్గకపోతే డాక్టర్ మాత్రలో ఇన్సులినో రాస్తారు. ఇన్సులిన్ అనగానే భయపడొద్దు, భుజం సమస్యకు ముందే అడ్డుకట్ట వేసేది ఇదే. బిడ్డ పెద్దదైపోతుందని ఐరన్ మాత్రలు మానేయడం, ఒక పూట పస్తుండడం మాత్రం ఎవరు చెప్పినా చేయకండి. కాన్పులో రక్తం పోతే తట్టుకునే శక్తి ఆ ఐరన్ వల్లే వస్తుంది.

స్కాన్‌లో బరువును అంచనాగానే చదవండి

స్కాన్ మిషన్ బిడ్డను తూకం వేయదు. తల, పొట్ట, తొడ ఎముక కొలిచి లెక్క కడుతుంది. పదిశాతం అటూ ఇటూ తేడా రావడం మామూలే, పెద్ద బిడ్డల్లో ఇంకా ఎక్కువే రావచ్చు. కాగితం మీద 3.8 ఉంటే పుట్టాక 3.4 ఉండొచ్చు, 4.2 కూడా ఉండొచ్చు.

మరి ఎంత బరువుకు ఆపరేషన్ అంటే, షుగర్ ఉన్న తల్లికి బిడ్డ 4 కిలోలు దాటేలా ఉంటే 39 వారాలకు సిజేరియన్ గురించి ఆలోచించాలని మన దేశపు మార్గదర్శకాలు చెబుతాయి. అమెరికా డాక్టర్ల సంఘం షుగర్ ఉన్నవాళ్లకు 4.5 కిలోలు, లేనివాళ్లకు 5 కిలోలు పెట్టుకుంది. షుగర్ లేని తల్లికి, ముందు ఏ గొడవా లేనప్పుడు, 3.6 వచ్చిందనో 3.7 వచ్చిందనో అదొక్కటే కారణంగా కోయించుకోవాల్సిన పని లేదు.

అమెరికాలో 1996లో కట్టిన ఒక లెక్క చూస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. బిడ్డ 4.5 కిలోలు ఉందని స్కాన్ చెప్పిన తల్లులందరికీ ఆపరేషన్ చేస్తూ పోతే ఒక్క బిడ్డ చేతిని శాశ్వత దెబ్బ నుంచి కాపాడడానికి షుగర్ లేనివాళ్లలో 3,695 ఆపరేషన్లు చేయాల్సి వస్తుంది. షుగర్ ఉన్నవాళ్లలో 443 చాలు. షుగర్ ఉండడం, లేకపోవడం దగ్గర ఎంత తేడా పడుతుందో చూడండి.

మూడు దారులు, వాటి మంచిచెడ్డలు

ఒకటి, నొప్పులు వాటంతట అవి వచ్చేదాకా ఆగడం. షుగర్ లేకుండా, ఉన్నా తిండితోనే అదుపులో ఉండి, ముందు కాన్పులు సాఫీగా జరిగినవాళ్లకు ఇదే సరైనది. అయితే నొప్పులు గంటల తరబడి సాగి బిడ్డ కిందికి దిగకపోతే వ్యాక్యూమ్ పెట్టి లాగడానికి తొందరపడకూడదు, ఆ లాగుడులోనే భుజం పట్టేసే ప్రమాదం పెరుగుతుంది. అలాంటప్పుడు మధ్యలో ఆపరేషన్‌కు మారడం మంచిదేనా అని ముందే డాక్టర్‌తో మాట్లాడి ఉంచుకోండి.

రెండోది, 38, 39 వారాల మధ్య నొప్పులు రప్పించడం. బిడ్డ ఇంకా బరువు పెరగకముందే కనేయడం దీని ఉద్దేశం. బ్రిటన్‌లో పెద్ద బిడ్డలున్న తల్లుల మీద చేసిన పరిశీలన 2025లో వెలువడింది. 38వ వారంలో నొప్పులు రప్పించిన వాళ్లలో వందకు 2.3 మందికి భుజం పట్టేసింది, మామూలు పద్ధతిలో చూసిన వాళ్లలో 3.1 మందికి. తేడా ఉంది గానీ పెద్దది కాదు. షుగర్‌కు మందులు వాడుతున్నవాళ్లకు డాక్టర్లు ఈ దారి ఎక్కువగా చెబుతారు.

మూడోది, ముందే తేదీ పెట్టుకుని సిజేరియన్. భుజం పట్టే భయం దాదాపు పోతుంది. షుగర్‌తో పాటు బిడ్డ 4 కిలోలు దాటుతుందన్నా, ముందు కాన్పులో భుజం పట్టేసి బిడ్డ చెయ్యి దెబ్బతిని ఉన్నా నేనైతే ఇటే మొగ్గుతాను. కానీ కోత కోతే. రక్తం పోవడం, కుట్లు చీము పట్టడం, కాళ్లలో రక్తం గడ్డకట్టడం నార్మల్ కంటే ఎక్కువ. తర్వాతి గర్భంలో మాయ పాత కుట్టులోకి పాతుకుపోతే గర్భసంచి తీసేయాల్సిన పరిస్థితి కూడా రావచ్చు. ఇంకో ఇద్దరు పిల్లలు కావాలనుకునే అమ్మాయికి, ఇదే ఆఖరి కాన్పు అనుకునే అమ్మాయికి లెక్క ఒకటి కాదు. ఆ మాట డాక్టర్‌కు చెప్పండి.

ముహూర్తం గురించి ఒక మాట. తేదీ చూసుకుంటే తప్పు లేదు, 39 వారాలు నిండిన తర్వాతి రోజుల్లో చూసుకోండి. ఏ వైద్య కారణమూ లేకుండా మంచి నక్షత్రం కోసం 37 వారాలకే బిడ్డను తీయిస్తే ఊపిరి ఇబ్బందితో ఐసీయూలో పెట్టాల్సి రావచ్చు.

ఆసుపత్రిని ఈ ప్రశ్నలతో ఎంచుకోండి

భుజం పట్టేసినప్పుడు బిడ్డను కాపాడేది అక్కడున్న చేతులే. మొదట చేసేది ఇద్దరు చెరో కాలు పట్టుకుని తల్లి మోకాళ్లు పొట్టకేసి బాగా మడవడం. అదే సమయంలో మరొకరు పొత్తికడుపు అడుగున, ఎముకకు కాస్త పైన, అరచేతి మడమతో పక్కకు నొక్కుతారు. చాలా కాన్పుల్లో ఈ రెండింటితోనే భుజం జారుతుంది. కాకపోతే లోపలికి చెయ్యి పెట్టి కింది చేతిని ముందు బయటికి తీస్తారు, లేదా తల్లిని మోకాళ్ల మీద, చేతుల మీద వంచుతారు. ఇంతమంది చేతులు కావాలి కాబట్టే ఒక్క నర్సు, ఒక్క ఆయా ఉన్న చోట ఈ రిస్కుతో కాన్పుకు వెళ్లకూడదు.

బిడ్డ రావడం లేదని పొట్ట పైభాగం మీద మోచేత్తో, పిడికిలితో నొక్కే అలవాటు చాలాచోట్ల ఉంది. భుజం పట్టినప్పుడు అది ప్రమాదం, ఆగిన భుజం ఎముకకేసి ఇంకా బిగుసుకుంటుంది, గర్భసంచి చిరిగే భయం కూడా ఉంది. "పైనుంచి నొక్కరు కదా మేడమ్?" అని ముందే అడగండి. దాంతోపాటు ఇవీ అడగండి: రాత్రి రెండింటికైనా ఆపరేషన్ చేయగలరా? మత్తు డాక్టర్ ఇక్కడే ఉంటారా, పిలిస్తే వస్తారా? కాన్పు వేళకు పిల్లల డాక్టర్ గదిలో ఉంటారా? రక్తం దగ్గర్లో దొరుకుతుందా? భుజం పట్టేసిన కాన్పులు మీ వాళ్లు చేశారా? మంచి డాక్టర్ ఈ ప్రశ్నలకు కోప్పడరు.

ప్రభుత్వ ఆసుపత్రిలో నార్మల్ కాన్పయినా సిజేరియనైనా, మందులు, రక్తం సహా ఉచితమే. శ్రీకాకుళంలో అందరూ రిమ్స్ అని పిలిచే ప్రభుత్వ ఆసుపత్రి, విజయనగరంలో ఘోషాసుపత్రి అందుబాటులో ఉన్నవాళ్లు అక్కడా ఇవే ప్రశ్నలు అడగొచ్చు. ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళం వంద కిలోమీటర్లకు పైనే. సీతంపేట, సాలూరు కొండల మీద ఊళ్లకు రోడ్డే కష్టం. అలాంటి వాళ్లు నొప్పులొచ్చాక 108 కోసం ఎదురుచూడడం కంటే, చెప్పిన తేదీకి వారం పది రోజుల ముందే ఆసుపత్రి ఉన్న ఊళ్లో చుట్టాలింటికో, గర్భిణుల వసతి గృహం ఉంటే అక్కడికో వచ్చేయడం మేలు. ఆశా కార్యకర్తతో మాట్లాడితే ఏర్పాటు తెలుస్తుంది.

మీ రిస్కు ఎంతో అంకెల్లో అడగండి

బ్రిటన్‌లో 1999లో షుగర్ ఉన్న, పొట్టిగా ఉన్న ఒక తల్లికి భుజం పట్టే అవకాశం వందలో 9, 10 దాకా ఉందని తెలిసీ డాక్టర్ చెప్పలేదు. చెబితే అందరూ ఆపరేషనే అడుగుతారన్నది ఆ డాక్టర్ వాదన. తల వచ్చాక ఒళ్లు రావడానికి 12 నిమిషాలు పట్టింది, బిడ్డ మెదడు దెబ్బతింది. మాంట్‌గోమరీ కేసుగా పేరుపడిన ఆ వ్యవహారంలో 2015లో అక్కడి సుప్రీంకోర్టు తల్లి పక్షాన తీర్పిచ్చింది. ఆమెకు ముఖ్యమనిపించే ప్రమాదాన్ని, వేరే దారులను డాక్టర్ చెప్పి తీరాలంది.

మీరు అడగాల్సిందీ అదే. "నాలాంటి వాళ్లు వందమంది ఉంటే ఎంతమందికి భుజం పడుతుంది? ఆపరేషన్ అయితే నాకు ఏమేం కావచ్చు? మీరు ఏది చెబుతారు, ఎందుకు?" అత్తగారినీ అమ్మనీ ఇద్దర్నీ ఆ గదిలోకి తీసుకెళ్లండి. జవాబు కనబోయే అమ్మాయిని చూస్తూ చెప్పమనండి, చివరి మాట ఆమెనే చెప్పనివ్వండి. తేల్చుకున్నది కార్డు మీద రాయించుకోండి. నొప్పులొచ్చిన రాత్రి డ్యూటీలో వేరే డాక్టర్ ఉండొచ్చు.

పుట్టిన తర్వాత

భుజం పట్టేసి పుట్టిన బిడ్డను ఇంటికి తెచ్చేముందు రెండు చేతులూ ఒకేలా కదుపుతోందా చూడండి. ఒక చెయ్యి పక్కకు వేలాడి, మోచేయి మడవకుండా ఉంటే వెంటనే పిల్లల డాక్టర్‌కు చూపించండి. నూనెతో గట్టిగా మర్దన చేయడం, చేతిని లాగడం వద్దు. ఫిజియోథెరపీ ఎప్పుడు మొదలెట్టాలో వాళ్లే చెబుతారు. మూడు నెలలకూ మోచేయి మడవకపోతే నరాల సర్జన్‌కు చూపించాలి. డిశ్చార్జ్ కాగితంలో భుజం పట్టేసిందన్న మాట, పట్టిన సమయం, బిడ్డ బరువు రాశారో లేదో ఆసుపత్రి దాటకముందే చూసుకుని, లేకపోతే రాయించుకోండి.