నక్షత్రాల మధ్య ధూళి రేణువు ఆయుష్షును లెక్కగట్టడం ఎలా?

నక్షత్రాల మధ్య తేలే ధూళి ఎంతకాలం ఉంటుందని అడిగితే సాధారణంగా రెండు జవాబులు వినిపిస్తాయి. అంతరిక్షం ఖాళీ కాబట్టి ఎప్పటికీ ఉంటుందనేది ఒకటి, సూపర్నోవా, అంటే ఆయువు తీరిన నక్షత్రం, పేలితే అంతా ఆవిరైపోతుందనేది రెండోది. రెండూ తప్పే. కాగితం, పెన్ను, మామూలు కాలిక్యులేటర్ ఉంటే కూర్చున్న చోటే మంచి అంచనా వేయవచ్చు. కంప్యూటర్ నమూనాలు తర్వాత సంగతి. చేతి లెక్క రానివారు వాటి జోలికి పోకూడదు.

ముందు రేణువును ఎంచుకోండి: 0.1 మైక్రాన్ (మిల్లీమీటరులో పదివేలో వంతు) వ్యాసార్ధం, సిలికేట్ (ఇసుక, రాళ్ల జాతి పదార్థం). ఇంతకంటే చిన్నవి సంఖ్యలో ఎన్నో రెట్లు ఎక్కువే, కానీ ధూళి బరువులో ఎక్కువ భాగం ఈ పరిమాణం చుట్టుపక్కలే ఉంటుంది. ఇక్కడ ఎక్కువ ఆలోచించకండి.

తర్వాత చోటు. చల్లని మేఘంలో రేణువుకు పెద్దగా ఆపద లేదు. నక్షత్రకాంతి దాన్ని ఇరవై కెల్విన్ల దాకా వేడి చేస్తే గొప్ప, సిలికేట్ ఆవిరి కావాలంటే 1500 దాకా కావాలి. మేఘం అంచున అతినీలలోహిత కాంతి పైనున్న మంచు పొరను ఊడగొట్టవచ్చు, లోపలి రాయి మాత్రం చెక్కుచెదరదు.

వేడి వాయువులో కథ వేరు. అక్కడ అయాన్లు (విద్యుదావేశమున్న పరమాణువులు) రేణువును ఢీకొట్టి ఒక్కొక్క పరమాణువునే రాలుస్తాయి. దీన్ని స్పటరింగ్ అంటారు. లెక్క సులువు. ఉష్ణోగ్రతను 10 లక్షల కెల్విన్లతో భాగించి, వచ్చినదాన్ని ఘనం చేసి, ఒకటిని దానితో భాగించండి. దానికి ఒకటి కలిపి లక్షతో గుణించండి. చివరగా ఘన సెంటీమీటరులో ఉన్న హైడ్రోజన్ పరమాణువుల సంఖ్యతో భాగిస్తే మన రేణువు ఆయుష్షు ఏళ్లలో వస్తుంది. 10 లక్షల కెల్విన్ల వాయువులో ఘన సెంటీమీటరుకు 0.004 పరమాణువులుంటే 5 కోట్ల ఏళ్లు.

ఇక అసలు చిక్కు. సూపర్నోవా నుంచి వచ్చిన షాక్ తరంగం సెకనుకు 100 కిలోమీటర్ల వేగంతో రేణువును దాటిందనుకోండి. వెనక ఉన్న వాయువు ఉష్ణోగ్రత సుమారు 1,40,000 కెల్విన్లు. చాలామంది ఈ సంఖ్యను పై సూత్రంలో పెట్టేస్తారు. ఒక్కో ఘన సెంటీమీటరుకు ఒక పరమాణువు లెక్కన మూడున్నర కోట్ల ఏళ్లకు పైనే వస్తుంది. ఆ వాయువు అంతకంటే ఎంతో ముందే చల్లబడిపోతుంది కాబట్టి ధూళి క్షేమమని తేల్చేస్తారు. ఈ ఒక్క అడుగులో మొత్తం లెక్క బోల్తా పడుతుంది.

ఎందుకంటే ఇక్కడ చూడవలసింది ఉష్ణోగ్రతను కాదు, రేణువుకూ వాయువుకూ మధ్య వేగంలో ఉన్న తేడాను. తరంగం తాకగానే వాయువు దాని వేగంలో ముప్పాతిక వంతు అందుకుంటుంది, అంటే సెకనుకు 75 కిలోమీటర్లు. రేణువు బరువైనది, వెంటనే కదలదు. వాయువే గాలివానలా దాని మీదుగా వీస్తుంది. ఆ వేగంతో వచ్చి తగిలే హీలియం పరమాణువు దగ్గర సుమారు 117 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉంటుంది, హైడ్రోజన్ దగ్గర అందులో నాలుగో వంతు. సిలికేట్‌లో ఒక పరమాణువును పట్టి ఉంచే శక్తి ఆరు ఎలక్ట్రాన్ వోల్టుల ప్రాంతంలో ఉంటుంది. కాబట్టి హీలియంను మరిచిపోయి వేసిన లెక్కను నేను చూడను కూడా చూడను.

అక్కడితో ఆగకండి. రేణువు మీద విద్యుదావేశం ఉంటుంది, అందువల్ల అది అయస్కాంత క్షేత్రరేఖల చుట్టూ తిరుగుతుంది. వాయువు చల్లబడి కుదించుకుపోతుంటే క్షేత్రం బలపడి రేణువు మరింత వేగం పుంజుకుంటుంది. ఇదే బీటాట్రాన్ త్వరణం. మరోవైపు వాయువు రాపిడి దాన్ని నిలువరిస్తుంది. పెద్ద రేణువు మీద రాపిడి ప్రభావం నెమ్మది కనుక ఎక్కువ దెబ్బలు దానికే. వేగాన్ని స్థిరంగా 75 దగ్గరే ఉంచేసినా తప్పే, మొదటి క్షణంలోనే ఆగిపోయిందనుకున్నా తప్పే.

ఇంకో పొరపాటు చూసి చూసి విసుగొచ్చింది: పగలడాన్ని నాశనంగా లెక్కించడం. సెకనుకు రెండు మూడు కిలోమీటర్ల వేగంతో ఢీకొన్నా రెండు రేణువులు ముక్కలవుతాయి. కానీ ముక్కలు ధూళే! పరమాణువులు తిరిగి వాయువులో కలిస్తేనే నాశనం. రేణువులు ఢీకొని ఆవిరి కావాలంటే వేగం 20 కిలోమీటర్ల దాకా ఉండాలి. ఈ రెండింటికీ కాగితం మీద వేర్వేరు గడులు గీసుకోండి.

మిగిలింది భాగహారమే. పాలపుంతలోని వాయువు 500 కోట్ల సూర్యుల బరువనీ, శతాబ్దానికి రెండు సూపర్నోవాలనీ, ఒక్కొక్కటి 500 సూర్యుల బరువున్న వాయువులోని ధూళిని పూర్తిగా తుడిచేసినంత నష్టం చేస్తుందనీ తీసుకోండి. ఏడాదికి 10 సూర్యుల బరువైన వాయువులో ధూళి పోయినట్టు. సగటు ఆయుష్షు 50 కోట్ల ఏళ్లు.

సరిచూసుకోవడానికి నక్షత్రకాంతి వర్ణపటం ఉంది. 1952లో ఖగోళ శాస్త్రవేత్తలు రౌట్లీ, స్పిట్జర్ గమనించినట్టు, వేగంగా కదిలే మేఘాల వాయువులో సోడియంతో పోలిస్తే కాల్షియం ఎక్కువగా కనిపిస్తుంది. షాక్ దెబ్బకు రేణువుల నుంచి రాలినదే అది.

నక్షత్రాలు కొత్త ధూళితో ఈ లోటు పూడ్చడానికి సుమారు 250 కోట్ల ఏళ్లు పడుతుందని గమనించి కొందరు కంగారుపడి తమ లెక్కను సవరించేస్తారు. సవరించకండి. రాలిన పరమాణువులు దట్టమైన మేఘాల్లో మళ్లీ రేణువుల మీద పేరుకుంటాయని చాలామంది శాస్త్రజ్ఞుల అభిప్రాయం, నాదీ అదే. 1969లో ఆస్ట్రేలియాలో పడిన మర్చిసన్ ఉల్కలో సూర్యుడికంటే 300 కోట్ల ఏళ్ల దాకా పాతవైన సిలికాన్ కార్బైడ్ రేణువులు దొరికాయి కదా అని వాదించేవారూ ఉన్నారు. 50 కోట్లు సగటు మాత్రమే. ఆ లెక్కన 300 కోట్ల ఏళ్ల తర్వాత కూడా దాదాపు 400 రేణువుల్లో ఒకటి మిగిలే ఉంటుంది.