తెల్లారేసరికి కూలబడే సీ10: గాలి ఎక్కడ పోయిందంటే

1972 షెవర్లే సీ10 పికప్ ట్రక్కు, వెనక రెండు ఎయిర్ బ్యాగులు (ప్రమాదంలో తెరుచుకునేవి కాదు, బండి బరువు మోసే గాలి తిత్తులు). రాత్రి 60 పీఎస్ఐ గాలి ఒత్తిడి పెడితే పొద్దున్నకి కుడివైపు నేలకి ఆనేది. బ్యాగు చిల్లేమోనని అందరూ ముందు దాన్నే విప్పుతారు, అనవసరం.

ఫ్రేము కింద జాక్ స్టాండ్లు పెట్టాకే దూరాలి. గాలిని నమ్మి బండి కిందకి వెళ్లకూడదు. సబ్బునీళ్లు కొడితే పుష్ ఫిట్టింగ్ (గాలి ట్యూబుని నెట్టి బిగించే జాయింటు) దగ్గర ఆవగింజంత బుడగలు, ఆగి ఆగి. ట్యూబు లాగి చూస్తే కటింగ్ ప్లేయర్‌తో కోసిన కొస కోడిగుడ్డులా నొక్కుకుపోయి, వాలుగా ఉంది. అలాంటి కొసని లోపలి ఓ-రింగు (గాలి పోకుండా ఆపే రబ్బరు రింగు) చుట్టూ సమంగా పట్టదు కదా.

ట్యూబ్ కట్టర్‌తో అర అంగుళం నిటారుగా కోసి, అడుగు తగిలేదాకా నెట్టాను. మరలున్న వైపు టెఫ్లాన్ టేపు మూడు చుట్లు, మొదటి మర వదిలేసి. లేకపోతే టేపు పీలికలు బ్యాగులోకి గాలి పంపే, వదిలే వాల్వులో ఇరుక్కుని మరో లీకు మొదలవుతుంది. బయటెక్కడా బుడగ లేకున్నా గాలి తగ్గుతుంటే వాల్వు ఎగ్జాస్ట్ రంధ్రం (గాలి బయటికి వదిలేది) చూడండి.

పనిలో పనిగా బ్యాగు పూర్తిగా ఉబ్బించి చుట్టూ వేలు తిప్పాను. బ్రాకెట్ అంచు రాసుకుంటోంది! గ్రైండర్‌తో అరగదీశాను. మర్నాడు గేజు 60 దగ్గరే ఉంది.