పత్రాలు ఒక వ్యవస్థలో, రోగి మరో వ్యవస్థలో: అనుసంధానంలో వచ్చే సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

సంతకం చేసిన అంగీకార పత్రాలు, బయటి ల్యాబుల నుంచి వచ్చిన నివేదికలు, పాత కేసు షీట్ల స్కాన్ కాపీలు ఆసుపత్రిలో సాధారణంగా పత్ర నిర్వహణ వ్యవస్థలో ఉంటాయి. రోగి వివరాలు, సందర్శనలు, రోగ నిర్ధారణలు, మందులు మాత్రం రోగి రికార్డుల వ్యవస్థలో ఉంటాయి. డాక్టరు రోగి పేజీ తెరిచినప్పుడు ఈ రెండూ ఒకే చోట కనిపించాలన్నదే అనుసంధానం ఉద్దేశం. అది దెబ్బతిన్నప్పుడు చాలామంది ముందుగా పత్ర నిర్వహణ వ్యవస్థనే అనుమానిస్తారు. నిజానికి ఈ పత్రం ఏ రోగిది, ఏ సందర్శనది, ఎన్నో రూపం (వెర్షన్) అనే మూడు ప్రశ్నల్లో ఒకదానికి రెండు వ్యవస్థలు వేర్వేరు జవాబులు ఇవ్వడం వల్లే ఎక్కువ సమస్యలు పుడతాయి.

అందుకే లాగ్‌లన్నీ ఒకేసారి తిరగేయకుండా, సమస్య ఉన్న ఒకే ఒక్క పత్రాన్ని ఎంచుకుని దాని ప్రయాణాన్ని మొదటి నుంచి చివరి వరకు అనుసరించండి. ఆసుపత్రి వ్యవస్థలు సమాచారం ఇచ్చిపుచ్చుకోవడానికి వాడే హెచ్‌ఎల్7 ప్రమాణంలోని రెండో తరం సందేశాలు వాడుతుంటే ఎంఎస్‌హెచ్-10 గడిలో ఉండే సందేశ సంఖ్యను పట్టుకుని, పంపిన వ్యవస్థలో, మధ్యలో సందేశాలను చేరవేసే ఇంటర్‌ఫేస్ ఇంజిన్‌లో, స్వీకరించిన వ్యవస్థలో అది ఎక్కడిదాకా వెళ్లిందో చూడాలి. ఆ సంఖ్య ఆఖరుసారి ఎక్కడ కనిపించిందో, లోపం ఆ తర్వాతి మెట్టులో ఉంటుంది. కారణం తెలిసేలోపు పత్రాన్ని చేత్తో సరైన చోటికి మార్చేస్తే ఆ ఆధారం చెరిగిపోతుంది, అదే లోపంతో వచ్చిన మిగతా పత్రాలు ఎవరికీ తెలియకుండా ఉండిపోతాయి.

ఒక రోగి పత్రం మరో రోగి పేజీలో కనిపిస్తోంది

ఇది అన్నింటికన్నా ప్రమాదకరమైన లక్షణం, కాబట్టి ఇక్కడ క్రమం మారుతుంది. కారణం వెతకడానికి ముందే ఆ పత్రం తెర మీద కనబడకుండా ఆపాలి. అయితే దాన్ని తొలగించకూడదు. ఆ పేజీని ఈలోపు ఎవరెవరు తెరిచారో యాక్సెస్ లాగ్‌లో చూసి, ఆ రోగులిద్దరికీ చికిత్స చేస్తున్న వైద్యులకు తెలియజేయాలి. వేరొకరి రక్త గ్రూపు నివేదికనో, అలర్జీ వివరాలనో నమ్మి ఈపాటికే ఎవరైనా నిర్ణయం తీసుకుని ఉండవచ్చు.

పత్రం స్కానర్ ద్వారా వచ్చినదైతే మొదట బ్యాచ్‌ను చూడండి. ఒక రోగి కాగితాలకూ మరో రోగి కాగితాలకూ మధ్య బార్‌కోడ్ ఉన్న విభజన పేజీ పెట్టే పద్ధతిలో, ఆ పేజీ ముందు కాగితానికి అతుక్కుని రెండూ కలిసి లోపలికి వెళ్లినా, బార్‌కోడ్ మసకబారి చదవబడకపోయినా, తర్వాతి రోగి కాగితాలన్నీ ముందు రోగి ఖాతాలోకే వెళ్లిపోతాయి. ఇందులో సాఫ్ట్‌వేర్‌కు ఎక్కడా దోషం కనిపించదు, ఎర్రర్ రాదు. కాబట్టి తప్పుగా చేరిన పత్రంతోపాటు అదే బ్యాచ్‌లో దానికి ముందూ వెనుకా ఉన్న పత్రాలను కూడా తెరిచి చూడాలి. శాశ్వత పరిష్కారంగా స్కానర్‌లో రెండు కాగితాలు కలిసి వెళ్తే గుర్తించే సెన్సర్‌ను ఆన్ చేయాలి, బ్యాచ్ మొదలుపెట్టేటప్పుడే పత్రాల సంఖ్యను నమోదు చేసి చివర్లో సరిచూడాలి. ఆసుపత్రి తానే ముద్రించే ఫారాల మీద రోగి బార్‌కోడ్ ప్రతి పేజీలోనూ ఉండేలా మార్చాలి. విభజన పేజీ మీద ఆధారపడటం తగ్గేకొద్దీ ఈ రకం తప్పు తగ్గుతుంది.

పత్రం స్కానర్ నుంచి కాక సందేశంగా వచ్చినదైతే రోగి గుర్తింపు సంఖ్య ఉండే పీఐడీ-3 గడిని చూడాలి. ఆ గడిలో మొదటి భాగం సంఖ్య, నాలుగో భాగం ఆ సంఖ్యను జారీ చేసిన సంస్థ గుర్తు. రెండు శాఖలున్న ఆసుపత్రిలో రెండు చోట్లా ఒకే సంఖ్యతో వేర్వేరు రోగులు ఉండటం సహజం. స్వీకరించే వ్యవస్థ మొదటి భాగాన్ని మాత్రమే చదివి నాలుగో భాగాన్ని వదిలేస్తే, మరో శాఖలోని రోగికి పత్రం అంటుకుంటుంది. సంఖ్య, జారీ చేసిన సంస్థ రెండింటినీ కలిపి పోల్చేలా నియమం రాయడంతోపాటు, పుట్టిన తేదీ కూడా సరిపోకపోతే పత్రాన్ని ఎవరికీ జోడించకుండా పరిశీలన వరుసలో ఆపే షరతు పెట్టాలి. పరిశీలన వరుస పెరుగుతుందని కొందరు ఈ షరతు తీసేయిస్తారు. పని పెరిగినా సరే, ఇది ఉంచవలసిన షరతేనని నా అభిప్రాయం.

సందేశం చేరినట్టు జవాబు వచ్చింది, కానీ రోగి పేజీలో పత్రం లేదు

ఇక్కడ మొదట తెలుసుకోవలసింది ‘ఏఏ’ అని వచ్చిన జవాబుకు అర్థం ఏమిటన్నది. చాలా అమరికల్లో ఇంటర్‌ఫేస్ ఇంజిన్ సందేశాన్ని తన వరుసలో పెట్టుకోగానే పంపినవారికి ఈ జవాబు ఇచ్చేస్తుంది. పత్రం రోగికి జోడించబడిందో లేదో అప్పటికి దానికే తెలియదు. పంపిన వ్యవస్థ మాత్రం పని పూర్తయిందని నమోదు చేసుకుంటుంది. ఆ తర్వాత జరిగిన వైఫల్యం ఎవరూ చూడని వరుసలో పడి ఉంటుంది. కాబట్టి ముందుగా స్వీకరించిన వ్యవస్థలోని పరిశీలన వరుసను తెరవండి. వెతికే పత్రం సాధారణంగా అక్కడే దొరుకుతుంది.

అది అక్కడ ఆగిపోవడానికి తరచుగా కనిపించే కారణం సంఖ్య ముందున్న సున్నాలు. రికార్డుల వ్యవస్థలో రోగి సంఖ్య 00451207 అని ఉంటుంది. పాత పత్రాల జాబితాను ఎవరో స్ప్రెడ్‌షీట్‌లో తెరిచి భద్రపరచగానే అది 451207 అయిపోతుంది. మనిషి కంటికి రెండూ ఒకటే, అక్షరాలుగా పోల్చే వ్యవస్థకు వేర్వేరు. దీనికి పోల్చేటప్పుడు సున్నాలు తీసేయడం పరిష్కారం కాదు, ఎందుకంటే సున్నాతో మొదలయ్యే సంఖ్య, సున్నా లేని సంఖ్య ఇద్దరు వేర్వేరు రోగులవి కావచ్చు. రోగి సంఖ్యను ప్రతి మెట్టులోనూ అక్షరాల గడిగానే ఉంచాలి, నిర్ణీత పొడవు లేని సంఖ్యను వెనక్కి పంపాలి.

రెండో కారణం క్రమం. అత్యవసర విభాగంలో రోగి నమోదు సందేశం రాకముందే ఈసీజీ పత్రం వచ్చేస్తుంది. అలాంటి రోగి లేడని స్వీకరించే వ్యవస్థ దాన్ని తిరస్కరిస్తుంది, నమోదు కొన్ని సెకన్ల తర్వాత చేరుతుంది. తిరస్కరించడానికి బదులు కాసేపు ఆగి మళ్లీ ప్రయత్నించే అమరిక ఉండాలి, నిర్ణీత గడువు దాటాకే పత్రం మనిషి ముందుకు రావాలి.

మూడో కారణం కొంచెం లోతుగా ఉంటుంది: పత్రం రోగికి జోడించబడే ఉంటుంది, తెర మీద మాత్రం కనబడదు. పత్రాలను పంపే ఎండీఎం రకం సందేశంలో పత్రం పూర్తయిన స్థితిని టీఎక్స్ఏ-17 గడి చెబుతుంది. ‘ఏయూ’ అంటే ధ్రువీకరించినది, ‘ఐపీ’ అంటే ఇంకా తయారవుతున్నది. వీక్షణ తెర ధ్రువీకరించిన పత్రాలనే చూపేలా అమర్చి ఉంటే, స్కానింగ్ విభాగం అలవాటుగా ‘ఐపీ’ అని పంపిన పత్రాలన్నీ దాగిపోతాయి. అలాగే పత్రం రకానికి పంపేవారు వాడే కోడ్ స్వీకరించేవారి పట్టికలో లేకపోతే, పత్రం ‘ఇతరములు’ అనే ఫోల్డర్‌లో పడి ఎవరి కంటా పడదు. రెండు వైపులా లోయింక్ అనే ప్రామాణిక కోడ్‌ల జాబితాలోని పత్ర కోడ్‌లకు అనుసంధానించిన ఒకే పట్టిక వాడితే కొత్త ఫారం చేరినప్పుడల్లా ఈ చిక్కు రాదు.

రెండు రోగి ఖాతాలు కలిపాక పాత పత్రాలు మాయమయ్యాయి

ఒకే రోగికి పొరపాటున రెండు సంఖ్యలు ఇచ్చి, తర్వాత వాటిని కలిపినప్పుడు రికార్డుల వ్యవస్థ ఏడీటీ ఏ40 అనే విలీన సందేశం పంపుతుంది. అందులో పీఐడీ భాగంలో మిగిలే సంఖ్య, ఎంఆర్‌జీ-1లో రద్దయ్యే సంఖ్య ఉంటాయి. అనుసంధానం మొదట కట్టినప్పుడు చేరిక, నమోదు, వివరాల మార్పు తెలిపే ఏ01, ఏ04, ఏ08లను మాత్రమే ముందుకు పంపే ఫిల్టర్ పెట్టి, ఏ40ని మరచిపోవడం చాలా చోట్ల జరుగుతుంది. రోజువారీ పనిలో తేడా కనిపించదు కాబట్టి నెలల తరబడి ఎవరూ గమనించరు. పత్రాలు నిజానికి పోలేదు, ఎవరూ తెరవని పాత సంఖ్య కింద ఉన్నాయి.

ఫిల్టర్‌లో ఏ40ని చేర్చడం సులభమే. చేర్చిన నాటికే జరిగిపోయిన విలీనాలను సరిచేయడమే అసలు పని. రికార్డుల వ్యవస్థ నుంచి ఇంతవరకు జరిగిన విలీనాల జాబితా తీసుకుని, రద్దయిన ప్రతి సంఖ్య కింద ఇంకా పత్రాలున్నాయేమో వెతకాలి. ఒక సంఖ్య రెండోదానిలో, ఆ రెండోది మూడోదానిలో కలిసిన సందర్భాలు ఉంటాయి కాబట్టి జాబితాను జరిగిన క్రమంలోనే నడిపించాలి. ఇంకొక జాగ్రత్త: పత్రాన్ని కొత్త సంఖ్యకు మార్చినా, అది మొదట ఏ సంఖ్యతో వచ్చిందో ప్రత్యేక గడిలో భద్రపరచాలి. పొరపాటున ఇద్దరు వేర్వేరు మనుషుల ఖాతాలను కలిపామని తర్వాత తేలితే, ఎవరి పత్రాలు ఎవరివో విడదీయడానికి ఆ గడి తప్ప మరో ఆధారం ఉండదు.

ఒకే పత్రం రెండు మూడు సార్లు కనిపిస్తోంది

పత్రం చేరింది, జవాబు ఆలస్యమైంది, పంపిన వ్యవస్థ చేరలేదనుకుని మళ్లీ పంపింది. పెద్ద ఫైళ్ల విషయంలో ఇది మామూలు. జవాబు కోసం ఆగే సమయాన్ని పెంచితే తగ్గుతుంది కానీ పోదు. స్వీకరించే వ్యవస్థ టీఎక్స్ఏ-12లోని పత్ర సంఖ్యను చూసి, అదే సంఖ్య, అదే ఫైలు అప్పటికే ఉంటే కొత్తది సృష్టించకుండా విజయవంతమైన జవాబు మాత్రమే ఇవ్వాలి. హెచ్‌ఎల్7లోని కొత్త తరమైన ఫైర్ ప్రమాణం వాడేవారికి ఇదే పని చేసే షరతుతో కూడిన సృష్టి పద్ధతి ప్రమాణంలోనే ఉంది.

సరిచేసిన నివేదిక పాతదాని పక్కనే నిలబడితే అది వేరే సమస్య, దాన్ని నకలుగా భావించకూడదు. ల్యాబ్ సవరించిన ఫలితాన్ని కొత్త పత్రం పంపే టీ02గా పంపి ఉంటుంది. పాతదాని స్థానంలో రావలసినది టీ10 సందేశం, అందులో టీఎక్స్ఏ-13లో పాత పత్రం సంఖ్య ఉండాలి. ఫైర్‌లో అయితే కొత్త పత్రం పాతదాన్ని భర్తీ చేస్తుందన్న సంబంధాన్ని రాసి, పాతదాని స్థితిని ‘సూపర్‌సీడెడ్’గా మార్చాలి. పాత రూపాన్ని చెరిపేయమని అడిగేవారు ఉంటారు. అప్పటి చికిత్స నిర్ణయం దాని ఆధారంగానే జరిగింది కాబట్టి అది చరిత్రలో అందుబాటులో ఉండి తీరాలి.

పేర్లు ప్రశ్నార్థకాలుగా, పెట్టెలుగా కనిపిస్తున్నాయి

ఇక్కడ లక్షణాన్ని దగ్గరగా చూస్తే కారణం అదే చెబుతుంది. అక్షరానికొక ప్రశ్నార్థకం కనిపిస్తే దారిలో ఏదో ఒక మెట్టు ఆ లిపిని పట్టలేని కోడింగ్‌లోకి (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతిలోకి) మార్చేసింది. అసలు అక్షరాలు పోయాయి, మూలం నుంచి మళ్లీ పంపాలి. ఉచ్చారణ గుర్తులున్న లాటిన్ అక్షరాల వరుస కనిపిస్తే డేటా భద్రంగానే ఉంది, అన్ని లిపులనూ పట్టే యూటీఎఫ్-8 కోడింగ్ బైట్లను వేరే కోడింగ్‌గా చదువుతున్నారు. ఎంఎస్‌హెచ్-18లో కోడింగ్‌ను ప్రకటించి, ఇంజిన్‌లో రెండు వైపులా అదే అమర్చితే సరిపోతుంది. ఖాళీ పెట్టెలు కనిపిస్తే అది ఫాంట్ లేకపోవడం మాత్రమే. పత్రాన్ని ఫాంట్‌లు లోపలే ఇమిడి ఉండే పీడీఎఫ్/ఏ రూపంలో భద్రపరిస్తే ఆ పత్రంలో ఈ ఇబ్బంది రాదు.

పేరు మధ్యలో తెగిపోతే గడి పొడవును బైట్లలో కొలిచారేమో చూడండి. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరం, గుణింతపు గుర్తు, పొల్లు ఒక్కొక్కటీ 3 బైట్లు తీసుకుంటాయి. 30 బైట్ల గడిలో అలాంటివి 10 మాత్రమే పడతాయి.

పెద్ద పత్రాలు ఆగిపోతున్నాయి

ఏ4 కాగితాన్ని 300 డీపీఐలో రంగుల్లో స్కాన్ చేస్తే కుదించకముందు ఒక్క పేజీయే సుమారు 26 ఎంబీ ఉంటుంది. అదే నలుపు-తెలుపులో దాదాపు 1 ఎంబీ. కుదించాక రెండూ బాగా తగ్గుతాయి, కానీ సందేశంలోని ఓబీఎక్స్-5 గడిలో బేస్64గా (ఫైలును మామూలు అక్షరాలుగా మార్చే పద్ధతి) పెట్టి పంపేటప్పుడు ఫైలు మళ్లీ మూడో వంతు పెరుగుతుంది. 30 ఎంబీ పత్రం 40 ఎంబీ సందేశమవుతుంది, ఇంజిన్ పరిమితి దగ్గర ఆగిపోతుంది. పరిమితిని పెంచుతూ పోవడం కంటే, టైపు చేసిన ఫారాలను నలుపు-తెలుపులో స్కాన్ చేసి, గాయాల ఫొటోల వంటి వాటికే రంగు వాడి, పెద్ద పత్రాలకు సందేశంలో ఫైలుకు బదులు దాని చిరునామా మాత్రమే పంపడం మేలు.

రోగి పేజీలో లింకు నొక్కితే తెల్ల తెర లేదా మళ్లీ లాగిన్ అడుగుతోంది

పత్రం బాగానే ఉంది, బ్రౌజరే అడ్డుపడుతోంది. రికార్డుల తెర లోపల మరో సైట్‌ను ఫ్రేమ్‌గా చూపేటప్పుడు, 2020లో క్రోమ్ మార్చిన కుకీ నియమం వల్ల లోపలి సైట్ లాగిన్ కుకీ (బ్రౌజర్ దాచుకునే లాగిన్ గుర్తు) ప్రత్యేకంగా అనుమతించి ఉంటే తప్ప వెళ్లదు. ఫ్రేమ్‌లో చూపడానికి పత్ర సర్వర్ అనుమతి ఇవ్వకపోతే తెల్ల తెర వస్తుంది. కొత్త ట్యాబ్‌లో అదే లింకు తెరుచుకుంటే కారణం ఇదేనని దాదాపు నిర్ధారించుకోవచ్చు. సర్వర్‌లో రికార్డుల సైట్‌ను అనుమతించిన చిరునామాగా చేర్చి, లాగిన్‌ను కుకీ మీద కాక కొద్దిసేపే చెల్లే టోకెన్ (డిజిటల్ అనుమతి చీటీ) మీద నడపాలి.

ఈ దశలో తొందరలో అందరికీ ఒకే సర్వీస్ ఖాతాతో పత్రాలు తెరిచే ఏర్పాటు చేసేస్తుంటారు. అప్పుడు తెర పనిచేస్తుంది కానీ యాక్సెస్ లాగ్‌లో ప్రతి పత్రాన్నీ ఆ ఒక్క ఖాతాయే చూసినట్టు ఉంటుంది, రికార్డుల వ్యవస్థలో కొందరికి నిషేధించిన మానసిక చికిత్స పత్రాలు కూడా అందరికీ తెరుచుకుంటాయి. టోకెన్‌లో అసలు వినియోగదారు గుర్తింపు తప్పనిసరిగా వెళ్లాలి, అనుమతిని పత్ర సర్వర్ కూడా స్వయంగా తనిఖీ చేయాలి.

ఒక్కసారిగా అన్ని పత్రాలూ ఆగిపోయాయి

ఒకే క్షణం నుంచి అన్నీ ఆగితే ముందుగా సర్వర్ గుర్తింపును నిరూపించే సర్టిఫికెట్ గడువు చూడండి, తర్వాత సర్వీస్ ఖాతా పాస్‌వర్డ్, ఆ తర్వాత డిస్కులో ఖాళీ. అప్‌డేట్ చేసిన మర్నాడే ఆగితే, 2021లో ఇంటర్నెట్ ప్రమాణాల సంస్థ విరమింపజేసిన టీఎల్‌ఎస్ (కనెక్షన్‌ను భద్రపరిచే పద్ధతి) పాత రూపాలు 1.0, 1.1లతోనే పాత స్కానింగ్ సర్వర్ మాట్లాడుతోందేమో పరిశీలించండి. అనుసంధానం తిరిగి మొదలయ్యాక వరుసలో నిలిచిన సందేశాలను వచ్చిన క్రమంలోనే వదలాలి. పత్రాలను ముందు, విలీనాలను తర్వాత వదిలితే పైన చెప్పిన చిక్కులన్నీ ఒకే రోజు ఎదురవుతాయి. వరుస ఖాళీ అయ్యాక, ఆగిన సమయంలో పంపిన పత్రాల సంఖ్యనూ రోగులకు జోడించబడిన పత్రాల సంఖ్యనూ పోల్చి, తేడా ఉన్న ప్రతి పత్రానికీ సందేశ సంఖ్య పట్టుకుని వెతకాలి.